పాత కాగితాల పాలవుతున్న మహిళా పఠన మండళ్ల చరిత్ర

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

గత నెల మా అత్తగారి పాత ట్రంకుపెట్టె ఖాళీ చేస్తుండగా ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి బయటపడింది. కేజీల లెక్కన పాత కాగితాలు కొనే మనిషి అప్పటికే గుమ్మంలో కాటా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటి ఖర్చుల పద్దు అనుకుని ఇచ్చేయబోతూ యథాలాపంగా పేజీలు తిప్పితే, అది విజయనగరంలో మా వీధి ఆడవాళ్లు ఒకప్పుడు నడుపుకున్న పఠన మండలి హాజరు పట్టీ అని తెలిసింది.

మంగళవారం మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక పదీ పన్నెండు మంది ఒకరి అరుగు మీద చేరేవారట. చదవడం వచ్చిన ఒకరిద్దరు పైకి చదువుతుంటే, మిగిలినవారు చేటలో బియ్యం ఏరుకుంటూ వినేవారు. ఆ వారం చదివినదేమిటి, ఎవరు చదివారు, దాని మీద ఎవరేమన్నారు అన్నది రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ శీర్షిక చదివిన రోజుల్లో చర్చ ఎక్కువగా సాగినట్టు ఆ పేజీలే చెబుతున్నాయి. సిరిమాను పండగ వారం మాత్రం చదువు లేదని ప్రతి ఏడాదీ రాసుకున్నారు. మొదటి పేజీల్లో పేర్ల ఎదుట నాలుగు వేలిముద్రలున్నాయి. పుస్తకం సగానికి వచ్చేసరికి వారిలో ఒకావిడ ముద్ర వేయడం మానేసి, ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో, కాగితం చిరిగేటంత గట్టిగా కలం నొక్కి తన పేరు తానే రాసుకున్నారు. ఆ తరువాత ఎక్కడా ఆవిడ వేలిముద్ర కనిపించదు.

ఆ సంతకం విలువ తెలియాలంటే ఈ ప్రాంతపు ఆడపిల్లల వెనకటి స్థితి గుర్తుచేసుకోవాలి. అప్పట్లో విజయనగరం విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను ఆనంద గజపతి మహారాజు తయారు చేయించగా, పూర్తిగా రాని ఆ జాబితాలోనే 1034 పెళ్లిళ్లు తేలాయని, వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లేనని, ముగ్గురికి ఒక్క ఏడాదేనని గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ ముందుమాటలో రాశారు. పలక పట్టాల్సిన వయసులో పుస్తె కట్టించుకున్న పిల్లల మనవరాళ్ల తరంవారే మా అరుగు మీద చేరి చదువుకున్నారు.

ఆంధ్రదేశంలో ఇటువంటి సమాజాలకు తొలి దారి వేసినవారిలో భండారు అచ్చమాంబ గారు ముఖ్యులు. బడి ముఖం చూడకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారి దగ్గర అక్షరాలు నేర్చుకున్న ఆవిడ 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. స్త్రీ సమాజాల అవసరాన్ని చెబుతూ ఊరూరా తిరిగారు. ముప్పై ఏళ్లు దాటుతూండగానే, 1905లో కన్నుమూశారు. ఆవిడ కథ ‘ధన త్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చినా, దశాబ్దాల పాటు తెలుగు కథ 1910 నాటి గురజాడవారి ‘దిద్దుబాటు’తోనే మొదలైందని మనమందరం చదువుకున్నాం. ఆయన ఊరిదాన్నైనా ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు, దానివల్ల ఆయన గౌరవానికి వచ్చే లోటూ లేదు. పాత సంచికలు ఎవరో దాచబట్టి, పరిశోధకులు ఓపికగా వెతకబట్టి అచ్చమాంబ గారి కథ మళ్లీ వెలుగు చూసింది. అచ్చయిన కథకే అంత కష్టమైతే, ఒకే ఒక్క ప్రతిగా ట్రంకుపెట్టెలో మిగిలిన చేతిరాత పుస్తకానికి దిక్కెవరు?

ఈ పుస్తకాన్ని భద్రపరచమని ఒక కార్యాలయానికి తీసుకువెళ్తే, మీది రిజిస్టరైన సంఘం కాదు కదా అని వెనక్కి పంపారు. చందా పుస్తకం, రబ్బరు స్టాంపు లేకుండా చదువుకున్నవారికి చరిత్ర ఉండదనడం నాకు చాలా బాధ కలిగించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మా జిల్లా ఆడవారిలో చదవడం, రాయడం వచ్చినవారు దాదాపు సగం మందే. అలాంటి చోట వేలిముద్ర నుంచి సంతకం దాకా సాగిన ప్రయాణాన్ని వారం వారం నమోదు చేసిన కాగితాలు ప్రభుత్వ దస్తావేజులకు ఏ విధంగానూ తీసిపోవు.

దారి చూపే ఉదాహరణ పక్క ఊళ్లోనే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించి, అచ్చయిన ప్రతి తెలుగు కథకూ ఒక చోటు ఉండాలని పాటుపడ్డారు. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయాలకు వెళ్తోంది. ఆ సొమ్ముతో నడిచే మన జిల్లా గ్రంథాలయ సంస్థలు మహిళా మండళ్ల పాత మినిట్స్ పుస్తకాలకు, హాజరు పట్టీలకు, ఫొటోలకు ఒక బీరువా కేటాయించి, వాటిని స్కాన్ చేయించి, అసలు పుస్తకాలను ఇచ్చినవారికే తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. బొబ్బిలి, పార్వతీపురం, ఆమదాలవలస, టెక్కలి వంటి ఊళ్లలో పాత ఇళ్లు పడగొట్టి కట్టుకుంటున్నవారు అటక మీది పుస్తకాలను తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

మా పుస్తకంలోని ప్రతి పేజీనీ మా అమ్మాయి ఫొటో తీసింది. గ్రంథాలయం ఎప్పుడు అడిగినా ఒక ప్రతి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం