మా నాన్నగారికి మాట సాయం చేసిన అందరికీ

నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి మాకు అండగా నిలిచిన వాళ్లందరికీ ఈ పోస్టు. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకి తెలిసిపోతుంది.

ఆ రాత్రి అడిగిందే తడవుగా కారు తీసిన పక్కింటి బాబాయ్‌కి ముందుగా దండం. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట, ఆయన పుణ్యాన ఆ లోపే చేరాం. డబ్బు సర్దినవాళ్లు, క్యారేజీలు పంపినవాళ్లు ఉన్నారు. వాళ్ల రుణం తీరేది కాదు. కానీ ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది నాన్నగారితో మాట్లాడినవాళ్ల గురించి.

మెదడులో ఎడమవైపు దెబ్బతింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. డాక్టర్లు అఫేసియా అన్నారు. ఆయనకి మాటలు కూర్చుకోవడం రావడం లేదు కానీ, మనం చెప్పేది చాలావరకు అర్థమవుతూనే ఉంది. ఆ సంగతి మాకు మొదట్లో తెలియదు. చూడ్డానికి వచ్చిన ఒకరు మంచం పక్కనే నిలబడి, "ఇంకేముందమ్మా, మనిషి అయిపోయినట్టే" అన్నారు. నాన్నగారు మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. ఆ పూట జావ నోట్లో పెడితే మింగలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్ గారూ, అది చూసి మమ్మల్ని వరండాలోకి పిలిచింది మీరే. "పెద్దాయనకి అన్నీ తెలుస్తున్నాయమ్మా. ఆయన వినకూడని మాట ఏదైనా ఉంటే ఇక్కడికొచ్చి మాట్లాడుకోండి" అన్నారు. తర్వాత లోపలికెళ్లి, "బాబాయ్, దాహంగా ఉందా? ఉంటే నా చెయ్యి నొక్కండి" అని అడిగారు. ఎడమ చేత్తో గట్టిగా నొక్కారు. ఆయన్ని మళ్లీ మనిషిగా పలకరించింది మీరే.

స్పీచ్ థెరపిస్టు మేడమ్‌కి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. అంకెలు, వారాల పేర్లు, దేవుడి పాటల్లాంటి నోటికి అలవాటైన మాటలు ఇలాంటివాళ్లలో చాలామందికి మిగిలే ఉంటాయని మీరు చెప్పారు. సగం మేం అని ఆగాలి, మిగతా సగం ఆయనకి వదిలేయాలి. రోజూ చేశాం. చాలాకాలం ఏమీ రాలేదు.

స్టీల్ ప్లాంటులో నాన్నగారితో కలిసి పనిచేసిన అంకుల్, మీ గురించి ఎంత రాసినా తక్కువే. కూర్మన్నపాలెం నుంచి వచ్చి, ఆయన బదులు చెప్పలేకపోయినా, పాత షిఫ్టుల కబుర్లన్నీ చెప్పేవారు. ప్లాంటులో ఇనుము తీసే పెద్ద కొలిముల (బ్లాస్ట్ ఫర్నేసుల) పేర్లు వరసగా "గోదావరి, కృష్ణ..." అని ఆగేవారు, మూడోదైన అన్నపూర్ణ పేరు ఆయన నోట వస్తుందని. పెదవులు కదిలేవి, గొంతు పెగిలేది కాదు. ఒక సాయంత్రం మీరు "విశాఖ ఉక్కు" అన్నారు. నాన్నగారు "ఆంధ్రుల హక్కు" అన్నారు, ఎక్కడా తడబడకుండా! అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

1966లో ఆ నినాదం వీధుల్లో మారుమోగినప్పుడు నాన్నగారు చిన్నపిల్లాడు. తాతగారి భుజాల మీద కూర్చుని విన్నానని మాకు ఎన్నోసార్లు చెప్పారు. ఆ ఉద్యమంలో కాల్పులకు 32 మంది బలయ్యారు. 1970లో ప్లాంటు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. ఆయన ఉద్యోగం, మా చదువులు అన్నీ దాని చలవే. మాటలన్నీ పోయిన మనిషిలో ఆ మాట అలాగే ఉంది.

ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు వస్తున్నాయి. ఈమధ్య ఆసుపత్రి రోజుల గురించి అడిగితే, ఎవరెవరు ఏమన్నారో ఒక్కొక్కటే కూడబలుక్కుని చెప్పారు. "అయిపోయినట్టే" అన్నదీ చెప్పారు. చెప్తుంటే కళ్లు నిండిపోయాయి. అన్నవాళ్లు బాధతోనే అని ఉంటారు, వాళ్ల మీద మాకు కోపం లేదు. సిస్టర్ గారు "బాబాయ్" అని పిలిచారని కూడా ఆయనే చెప్పారు.

టీ కొట్టు తమ్ముడూ, నీకూ చెప్పాలి. నాన్నగారు తాగేది అల్లం టీయేనని నీకు తెలుసు. అయినా "ఏటి కావాలి మావయ్యా?" అని అడిగి, వెనక జనం తొందరపెడుతున్నా, ఆ రెండు ముక్కలూ ఆయన నోట వచ్చేదాకా ఆగుతావు. టీ పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి.

నాన్నగారిని ఎరిగినవాళ్లు సాయంత్రాలు ఇంటికి రండి. ఫోన్‌లో ఆయనకి ఇంకా కష్టమే, ఎదురుగా అయితే బాగా మాట్లాడతారు. మధ్యలో ఆగిపోతే దయచేసి మీరు మాట అందించకండి. కాస్త ఆగండి, ఆయనే చెప్తారు.