మెడ మీద చెయ్యి వేసే ముందు

తిరుపతి

పాపా భారతికి,

నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగుండాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ పొద్దున్నే కపిలతీర్థం దాకా నడిచి వస్తా ఉంది.

వచ్చే సెమిస్టర్ నుంచి మెల్‌బోర్న్‌లో మీ కాలేజీలో, వెన్నును చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ చదివే పిల్లలకు క్లినికల్ న్యూరాలజీ, అంటే రోగిని పరీక్షించి నరాల జబ్బు పసిగట్టే పాఠం, నువ్వే చెప్పాలన్నారని రాసినావు. చదివి నాకు ఎంత సంతోషమైందో అమ్మను అడుగు. కానీ ఆ కిందనే, "వాళ్ళ ధ్యాసంతా చేతులతో వెన్ను సర్దడం మీదే నాయనా, రిఫ్లెక్స్ చూసే సుత్తి పట్టుకోమంటే మొహం ముడుచుకుంటారు" అన్నావు. దానికి జవాబు ఫోన్లో అయ్యేది కాదని కాగితం తీసుకున్నాను.

మెల్‌బోర్న్‌లో నడుం నొప్పి వచ్చినవాడు డాక్టరు చీటీ లేకుండా నేరుగా కైరోప్రాక్టర్ దగ్గరికి పోవచ్చు కదా. అంటే ఆ మనిషిని మొట్టమొదట తాకే చెయ్యి నీ స్టూడెంట్‌దే. మా ఓపీకి వచ్చేసరికి రోగిని అప్పటికే ఇద్దరు ముగ్గురు చూసుండేవాళ్ళు. నీ పిల్లలకు ఆ ఆసరా ఉండదు. వచ్చేవాళ్ళలో చాలామందికి అది కండరాల నొప్పో, డిస్కు నొప్పో అయి ఉంటుంది. ఆ వరసలోనే వెన్నుపాము నలిగిపోతున్నవాడూ, క్యాన్సర్ వెన్నుపూసకు పాకినవాడూ, మెడలో రక్తనాళం చీలినవాడూ కూర్చుని ఉంటారు. నోరు తెరిస్తే అందరూ చెప్పేది నొప్పనే. అందుకే ఎవరి మీద చెయ్యి వేయకూడదో తెలుసుకోవడం ముందు నేర్పు. జబ్బుల పేర్లు తర్వాత నేర్చుకుంటారు.

చేతి విద్యను తక్కువ చేసి మాట్లాడే ఇల్లు కాదు మనది. మీ అవ్వకు ముంజేయి విరిగినప్పుడు పుత్తూరికే తీసుకుపోయినాం. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు అన్నీ పక్కన సిద్ధంగా ఉండాయి. కట్టే పెద్దాయన వాటిని ముట్టుకోకముందు అవ్వ చేత అయిదు వేళ్ళూ ఒక్కొక్కటిగా కదిలించినాడు. గోరు నొక్కి వదిలి, ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసినాడు. కట్టినాక మళ్ళీ అదే చేసినాడు. నరం, రక్తం రెండూ సరిగా ఉండాయో లేదో చూసుకున్నాడన్నమాట. నీ క్లాసులో ఈ సంగతి చెప్పు.

చరిత్ర కూడా దాచకుండా చెప్పు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి. డి. పామర్, హార్వీ లిలార్డ్ అనే చెవిటి మనిషి వెన్నుపూసను సర్దితే వినికిడి వచ్చిందన్న కథతోనే వాళ్ళ విద్య మొదలవుతుంది. మరుసటి ఏడాది, 1896లో, పారిస్‌లో బాబిన్‌స్కీ అనే న్యూరాలజిస్టు, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచే గుర్తు గురించి (మెదడు నుంచి వెన్నుపాములోకి వచ్చే దోవ దెబ్బతిందని చెప్పే గుర్తు అది) చిన్న వ్యాసం చదివి వినిపించినాడు. ఈ రెండు సంవత్సరాలూ బోర్డు మీద పక్కపక్కన రాయి. పామర్‌ను ఎగతాళి చేయొద్దు, పిల్లలు ఆయన్ను గురువుగా చూసుకుంటారు. వినికిడి నరం లోపలి చెవి నుంచి పుర్రెలోపలే మెదడు కాండానికి చేరుతుంది, మెడ పూసల గుండా పోనే పోదు. ఆ దోవ బొమ్మ గీయించి వదిలేయి. మిగతాది వాళ్ళే ఆలోచించుకుంటారు. నడుం నొప్పికి చేతివైద్యం కొంత ఉపశమనం ఇస్తుందని అధ్యయనాలు చెప్తాయి, దాన్ని నేనూ ఒప్పుకుంటాను. పూస పక్కకు జరగడమే అన్ని రోగాలకూ మూలమన్న మాటను మాత్రం ఒప్పుకోను. నువ్వు కూడా క్లాసులో నీళ్ళు నమలకుండా చెప్పాలి.

ఇక పాఠం. సుత్తి కంటే ముందు ప్రశ్నలతో మొదలుపెట్టు. మన ఓపీ ప్రశ్న ఒకటి నీకు తెలిసిందే, "చెప్పు జారిపోతా ఉందా?" అని. అవునంటే అక్కడ ఆగకూడదు. జారేది తెలుస్తోందా, తెలీకుండానే జారిపోతోందా అని అడగాలి. తెలిసి జారితే కాలి వేళ్ళకు పట్టు తగ్గింది, అది బలహీనత. నాలుగడుగులు పోయినాక కాలు చూసుకుని "అయ్యో, చెప్పు ఏదీ?" అంటే స్పర్శ పోయింది. మొహం కడుక్కునేటప్పుడు కళ్ళు మూయగానే తూలుతున్నాడంటే కళ్ళు మూయించి నిలబెట్టే రోంబెర్గ్ పరీక్ష వాష్‌బేసిన్ దగ్గరే అయిపోయినట్టు. కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పే కబురు పైకి అందడం లేదు. అన్నం కలిపి ముద్ద చేయడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందని అంటే, చేతులు చూసి ఊరుకోకుండా మెడలోని వెన్నుపామును అనుమానించాలి. కింద కూర్చుని లేవలేకపోతే తుంటి, తొడ కండరాలు. మీ మెల్‌బోర్న్‌లో ముద్దలూ ఉండవు, చెప్పులూ తక్కువే. బూటు లేసు, తాళంచెవి, కారు బ్రేకు మీద కాలు, ఇట్లాంటివి వాళ్ళ బతుకులోంచి వాళ్ళనే ఏరుకోమను. పిల్లలు సొంతంగా కట్టిన ప్రశ్నను మర్చిపోరు.

తర్వాత నడక. రిటైరైనా నా కళ్ళు ఇంకా జనం కాళ్ళ మీదికే పోతాయి. అలిపిరిలో పాదాల మండపం దగ్గర ఒక గంట కూర్చుంటే సగం న్యూరాలజీ కనిపిస్తుంది. 3550 మెట్లు ఎక్కబోయే జనంలో పాదం పైకి లేవక మోకాలు ఎత్తెత్తి వేసేవాడు, కర్రల్లాంటి కాళ్ళను నేలకు రాసుకుంటా పోయేవాడు, కాళ్ళు ఎడంగా పెట్టి తూలేవాడు. రోగి తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా వచ్చే ఆ నాలుగడుగులూ చూడకుండా కాగితంలో తల దూర్చే స్టూడెంట్‌కు మార్కులు కోసేయి. మునివేళ్ళ మీద నడిపిస్తే ఎస్ 1, మడమల మీద నడిపిస్తే ఎల్ 4, ఎల్ 5, అంటే వెన్ను కింది భాగంలోని ఆ నరాల మొదళ్ళు ఎట్లా ఉండాయో తెలిసిపోతాయి. అర నిమిషం పని.

సుత్తి ఇచ్చినాక మొదటి కొన్ని వారాలు జబ్బు మాటే ఎత్తొద్దు. ఒకరినొకరు పరీక్ష చేసుకోనీ. మోకాలి రిఫ్లెక్స్‌ను అంటే మోకాలి కింద కొడితే కాలు దానంతటదే ఎగరడాన్ని, 1875లో జర్మనీ డాక్టర్లు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ ఇద్దరూ విడివిడిగా రాసినారు. ఇన్నేళ్ళైనా దాన్ని సరిగా కొట్టేవాళ్ళు తక్కువే. కొత్తవాళ్ళు సుత్తిని తల దగ్గర పట్టుకుని పొడుస్తారు. కొస పట్టుకోవాలి, మణికట్టు వదులుగా ఉండాలి, బరువు దానంతటదే వచ్చి పడాలి. మడమ రిఫ్లెక్స్‌కైతే మోకాలు కాస్త మడిచి పక్కకు వాల్చి, పాదాన్ని నీ చేత్తో మెల్లగా పైకి వంచి పట్టి, అప్పుడు కొట్టాలి. రాలేదని వెంటనే సున్నా వేయకూడదు. రెండు చేతుల వేళ్ళూ కొక్కేల్లాగా తగిలించి లాగమని, లాగే క్షణంలోనే కొట్టమని చెప్పు. అది జెండ్రాసిక్ చిట్కా. రెండు పక్కలా గట్టిగా ఎగిరితే ఆ మనిషి తత్వమే కావచ్చు. ఒక పక్క ఎగిరి ఇంకో పక్క చచ్చుబడి ఉంటేనే ఆగి ఆలోచించాలి.

అరికాలి విషయం. మన రైతులకు మడమలు పగిలి, అరికాలు తోలు లాగా గట్టిపడి ఉంటుంది. తాళంచెవితో గీసినా బొటనవేలు కదలదు. అప్పుడు బయటి చీలమండ కింద నుంచి పాదం పక్కగా గీయాలి. దాన్ని చాడక్ అంటారు. గీత మెల్లగా ఉండాలి, చూపు వేలు మొదట ఎటు కదిలిందన్న దాని మీదే ఉండాలి. చక్కిలిగింతకు కాలు లాక్కుంటే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఇదంతా ఎందుకో వాళ్ళకు అర్థం కావాలంటే ఒక రోగి గురించి చెప్పు. పీలేరు వైపు నుంచి ఒక రైతు వచ్చినాడు. నడుం నొప్పి, కాళ్ళు బిగుసుకుపోతా ఉండాయని. అంతకుముందు ఒకచోట నడుం ఎమ్మారై తీసి, ఏమీ లేదని పంపించినారు. ఇంకోచోట నడుం విరిచి సర్దినారు. మోకాళ్ళు కొడితే రెండు కాళ్ళూ తన్నినట్టు ఎగిరినాయి. బొటనవేళ్ళు రెండూ పైకి లేచినాయి. గుండుసూదితో పాదాల నుంచి పైకి వస్తే, బొడ్డు దాటినాక "ఇప్పుడు సూది మాదిరి ఉంది సార్" అన్నాడు. బొడ్డు దగ్గరి స్పర్శ టీ 10ది, అంటే వెన్నుపాములో ఛాతీ భాగపు పదో మెట్టుది. వెన్నుపాము మొదటి నడుం పూస దగ్గరే అయిపోతుంది, దాని కింద ఉండేవి నరాల పోగులు మాత్రమే. వాటి దగ్గర తప్పుంటే రిఫ్లెక్స్‌లు తగ్గాలి గానీ ఇట్లా ఎగరవు. కాబట్టి రోగం నడుంలో లేదు, ఛాతీ వెనక ఉంది. పిడికిలితో పూసల మీద మెల్లగా తట్టుకుంటా వస్తే ఒకచోట కెవ్వుమన్నాడు. అక్కడ స్కాన్ తీస్తే టీబీ, పూస కరిగి చీము పట్టి వెన్నుపామును నొక్కుతా ఉంది. 1779లోనే పాట్ అనే ఇంగ్లీషు సర్జన్ రాసిన జబ్బు, మన దగ్గర ఇప్పటికీ ఉంది. మందులతో ఆయన మళ్ళీ నడిచినాడు. ఆ కరిగిన పూస మీద ఇంకెవరైనా బలంగా నొక్కి ఉంటే ఏమయ్యేదో పిల్లల్నే చెప్పమను.

ఏమి జబ్బని అడిగే ముందు ఎక్కడ ఉందని అడగడం వాళ్ళకు అలవాటు కావాలి. మెదడా, వెన్నుపామా, నరం మొదలా, నరమా, కండరమా? ప్రతి కేసు షీటులో ఆ ఒక్క గడి పెట్టు, అది నింపకుండా తర్వాతి గడికి పోనీయొద్దు.

మెడ గురించి నాకు నిజంగా భయం ఉంది, దాచను. వెర్టెబ్రల్ ధమని ఆరో మెడ పూస నుంచి పైకి పూసల పక్క రంధ్రాల గుండా ఎక్కి, మొదటి పూస మీద మెలిక తిరిగి తలలోకి పోతుంది. దాని లోపలి పొర చీలితే మొదట వచ్చేది మెడ నొప్పి, తలనొప్పే. ఆ నొప్పితోనే మనిషి మెడ సర్దించుకోవడానికి వస్తాడు. ఎవరికి చీలుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. కాబట్టి ఇంతకుముందెన్నడూ ఎరగని నొప్పి అన్నారంటే చెయ్యి ఆగాలి. రెప్ప వాలి కంటిపాప చిన్నదైందా, మాట తడబడుతోందా, మింగడం కష్టమా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడా, మొహం మొద్దుబారిందా? ఒక్కటి ఉన్నా అంబులెన్స్. మన సెలూన్లలో తల మర్దన చేసి చివర మెడ టక్కున తిప్పుతారే, అది చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఆగినట్టుంటుంది.

ఇంకొకటి, సిగ్గు వల్ల దాగిపోయేది. రెండు కాళ్ళూ లాగుతున్నాయన్న ప్రతి రోగినీ అడగాలి. ఒంటికి పోయేటప్పుడు తెలుస్తోందా? ఆగిపోతోందా? కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారిందా? వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, ఆడవాళ్ళు అసలే చెప్పరు. నడుం కింది నరాల గుత్తి నలిగితే గంటల్లో ఆపరేషన్ కావాలి, ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. ఈ ప్రశ్నను పిల్లలతో ఒకరినొకరు గట్టిగా అడిగించు. మొదట నవ్వుతారు, నవ్వనీ. నాలుగుసార్లు అడిగితే నోరు తిరుగుతుంది.

ప్రాక్టికల్స్ గురించి ఒక మాట అడుగుతాను, కాదనకు. పిల్లలు ఒక్కొక్క పని చేసి చూపించే అన్ని స్టేషన్లలోనూ రోగికి ఏదో ఒకటి చేస్తేనే మార్కులు పెట్టొద్దు. ఒక స్టేషన్‌లో కొత్త తలనొప్పి, వాలిన రెప్ప ఉన్న మనిషిలా ఎవరినైనా కూర్చోబెట్టు. పరీక్ష చేసి, మెడ ముట్టకుండా, ఎక్కడికి పంపాలో ఉత్తరం రాసిన స్టూడెంట్‌కు పూర్తి మార్కులు ఇవ్వు. మెడ తిప్పినవాళ్ళు మిగతా స్టేషన్లు ఎంత బాగా చేసినా సరే, మళ్ళీ రాయాల్సిందే. మీ కాలేజీ వాళ్ళు దీనికి ఒప్పుకుంటారా లేదా కనుక్కుని రాయి. ఒప్పుకోకపోతే ఏమన్నారో కూడా రాయి, ఇద్దరం కలిసి జవాబు తయారుచేద్దాం.

కాలికి అదురు తెలుస్తోందో లేదో చూసే నా 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ అమ్మ అప్పడాల పార్సెల్‌లో పెట్టి పంపిస్తా ఉంది.

ఇట్లు
నాయన