మాస్కులు పడ్డాయి సరే, విమానాన్ని దించేదెవరు?

కస్టమర్ కేర్ వాళ్లకి, మీ సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఇది చదివితే వాళ్లకి కూడా,

నమస్తే అండీ. పోయిన నెల మీ ఫ్లైట్‌లో మా అమ్మతో వెళ్తుంటే మధ్యలో క్యాబిన్ ప్రెషర్ పోయింది, మాస్కులు పడ్డాయి, విమానం గబగబా కిందికి దిగింది, క్షేమంగా ల్యాండయ్యాం. దాని గురించి నేను పెద్ద మెయిల్ పెడితే మీ నుంచి వచ్చిన జవాబు మూడే మూడు లైన్లు, అందులో ఒకటి "మా ఆటోమేటిక్ సేఫ్టీ సిస్టమ్స్ అన్నీ సరిగ్గా పనిచేశాయి" అని. నా అభ్యంతరం ఆ మాట మీదే, అందుకే మళ్లీ రాస్తున్నా.

మా సీట్ల దగ్గర ఏం జరిగిందో ముందు వినండి. చెవులు గుయ్యిమన్నాయి, క్యాబిన్‌లో పల్చగా మంచులాంటిది కమ్మింది, నెత్తి మీద మూతలు టపటపా తెరుచుకుని పసుపు కప్పులు వేలాడాయి. అమ్మ కప్పు నోటికి మాత్రమే పెట్టుకుంది, ముక్కు బయటే ఉంది. గట్టిగా లాగితేనే పైన పిన్ను ఊడి ఆక్సిజన్ తయారవుతుందని ఆవిడకి ఎవరు చెప్పారు గనక, మీ డెమోలో "లాగండి" అని ఒక్క ముక్క అనేసి పక్క వరసకి వెళ్లిపోతారు. నేనే లాగా. మాస్కుకి వేలాడే ప్లాస్టిక్ సంచి ఉబ్బలేదు. "ఇది పనిచేయట్లేదురా" అని తీసెయ్యబోయింది, అదే టైముకి పై నుంచి ఏదో కాలుతున్న వాసన, ఇంక నిప్పంటుకుందనే అనుకుంది పాపం. సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తుందని, పైనున్న కెమికల్ జనరేటర్ (ఆక్సిజన్ తయారుచేసేది అదే) వేడెక్కితే ఆ వాసన మామూలేనని ఇంటికొచ్చి చదివాకే నాకూ తెలిసింది. అప్పుడు మాత్రం ఆ కప్పు ఆవిడ మొహానికి అదిమిపట్టి, ఇంకో చేత్తో నాది పట్టుకుని కూర్చున్నా.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజు నాకు కనిపించినంతలో వాటంతటవే జరిగింది మాస్కులు పడటం ఒక్కటే. లోపలి గాలి సుమారు 14,000 అడుగుల ఎత్తులో ఉండేంత పల్చబడితే అవి పడతాయి, చాలా విమానాల్లో ఆ జనరేటర్లు ఇచ్చేది ఓ 12 నిమిషాల ఆక్సిజన్, ఇంకొన్నిట్లో కాస్త ఎక్కువ, ఈలోపు విమానం 10,000 అడుగుల దాకా దిగాలి. దించింది మీ పైలట్లు. వాళ్లకి రెండు చేతులెత్తి దండం పెడతా. కానీ 35,000 అడుగుల దగ్గర ప్రెషర్ ఒక్కసారిగా పోతే మనిషి తెలివిగా ఏదైనా చెయ్యగలిగే టైము పావు నిమిషం నుంచి అర నిమిషం అంతే. మెల్లగా పోతే ఇంకా ఘోరం, ఆక్సిజన్ తగ్గుతోందని కనిపెట్టాల్సింది ఆ ఆక్సిజన్ అందని మెదడే కదా, అప్పుడు చాలామందికి అంతా బానే ఉందనిపిస్తుంది కూడా.

2005 ఆగస్టు 14న సైప్రస్ కంపెనీ హీలియోస్ విమానంలో జరిగింది ఇదే. బోయింగ్ 737, లార్నకా నుంచి ఏథెన్స్‌కి. ప్రెషర్ స్విచ్చి ఆటోలో కాకుండా మాన్యువల్‌లో ఉండిపోయింది, ప్రెషర్ తగ్గుతోందని హెచ్చరించే హారన్ మోగింది గానీ టేకాఫ్ సెట్టింగ్ తప్పైతే మోగేది కూడా అదే శబ్దం, పైలట్లు దాన్నే అనుకుని వెతుకుతూ వెతుకుతూ స్పృహ తప్పారు. వెనక మాస్కులు పడ్డాయి, మీ భాషలో సిస్టమ్ సరిగ్గానే పనిచేసింది. ఆటోపైలట్ మాత్రం 34,000 అడుగులకి ఎక్కించి, ఇంధనం అయిపోయేదాకా తిప్పింది. 121 మంది పోయారు. ఎక్కడం, తిరగడం అన్నీ తనంతట తను చేసిన విమానానికి కిందికి దిగమని చెప్పినవాళ్లే లేరు, అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అలా దిగే ఏర్పాటు లేదా అంటే, ఉంది. ఎయిర్‌బస్ ఏ350లో పైలట్లు స్పందించకపోతే విమానమే ఎమర్జెన్సీ డిసెంట్, అంటే గబగబా కిందికి దిగడం, మొదలుపెడుతుంది. గల్ఫ్‌స్ట్రీమ్ బిజినెస్ జెట్లు కొన్నిట్లో అయితే ముందు ఎడమకి తిరిగి, అంటే కింద అదే దారిలో వచ్చే విమానాలకి అడ్డం తొలిగి, ఆ తర్వాత 15,000 అడుగులకి దిగుతుంది. నలుగురైదుగురు తిరిగే జెట్‌కి ఉన్న రక్షణ వందల మంది ఎక్కే విమానాలన్నిట్లో ఎందుకుండదండీ?

పాత విమానాలకి ఇది తగిలించడం తేలిక కాదని నాకూ తెలుసు. అందుకే అడుగుతున్నా, మీ దగ్గరున్న వాటిలో ఎన్నిటికి ఈ ఏర్పాటు ఉందో చెప్పండి, కొత్తవి ఆర్డరిచ్చేప్పుడు తయారీ కంపెనీని ఇది కావాలని అడిగారా లేదా అదీ చెప్పండి, ప్రెషర్ ఎందుకు పోయిందో ఆ కారణం కూడా రాయండి ఎందుకంటే పోయినసారి జవాబులో అది అసలు లేనే లేదు. డెమోలో మాత్రం రేపట్నుంచే మూడు మాటలు కలపొచ్చు, ముక్కూ నోరూ రెండూ మూయండి, సంచి ఉబ్బకపోయినా తియ్యకండి, కాలిన వాసనొస్తే భయపడకండి అని, దీనికి ఎవరి పర్మిషన్ కోసమో ఏళ్ల తరబడి ఆగక్కర్లేదనుకుంటా.

టికెట్ వివరాలు, సీటు నంబర్లు పాత మెయిల్‌లోనే ఉన్నాయి. ఈసారి జవాబు సేఫ్టీ వాళ్లే రాయాలని కోరుతున్నా. వచ్చే నెల మా అమ్మకి మళ్లీ ప్రయాణం ఉంది, ఆవిడ ఎక్కాలా వద్దా అని రోజూ నన్నే అడుగుతోంది.

ఇట్లు,
ఆ రోజు మీ విమానంలో ఉన్న ఒక ప్రయాణికుడు