నాలుగుసార్లు మూసిన ఫిర్యాదును ఐదోసారి మూయకముందు

గుంటూరు

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: డ్రాయింగులపై మీటర్లు, అడుగులు రెండూ చూపే సదుపాయం గురించి నేను చేసిన ఫిర్యాదును చదవకుండానే పదేపదే మూసివేయడం.

అయ్యా,

మీ వెబ్‌సైటులో ఫిర్యాదు రాసుకోవడానికి మీరు ఇచ్చిన పెట్టె నా గోడుకు చాలదు కనుక, ఇరవయ్యేళ్లుగా కంప్యూటరు మీదే ఇళ్ల ప్లాన్లు గీస్తున్న నేను కాగితం, కలం పట్టుకొని ఈ ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపవలసి వచ్చింది. అందిందని సంతకం చేసేవారైనా మీ ఆఫీసులో ఒక మనిషి ఉంటారని ఆశిస్తున్నాను.

జరిగిన లోపం రెండు ముక్కల్లో చెప్పగలిగినదే. మొన్నటి అప్‌డేట్ తరువాత మీ సాఫ్ట్‌వేరులో గది కొలతను మారిస్తే పైన మీటర్ల అంకె మారుతోంది, దాని కింద బ్రాకెట్టులో ఉండే అడుగుల అంకె మాత్రం పాతదే ఉండిపోతోంది. ఒక ఇంటి యజమాని పడకగదిని పది అడుగుల నుంచి పదకొండు అడుగులకు పెంచమని కోరారు. నేను పెంచాను. డ్రాయింగులో 3.35 మీటర్లు అని వచ్చింది, కింద మాత్రం పది అడుగులు అలాగే నిలిచింది. మేస్త్రీ తన అలవాటు ప్రకారం కింది అంకె చూసి పది అడుగులకే ముగ్గు పోసి, పునాది తవ్వించాడు. తప్పు బయటపడిన రోజు యజమాని అన్న మాటలు, తిరిగి తవ్వడానికి నేను చెల్లించిన కూలి, ఇవి నా కర్మ అనుకుని ఊరుకుందును. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ పొరపాటును మీకు చెప్పుకోవడానికి నేను పడిన పాట్లే ఈ ఉత్తరానికి కారణం.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు తెలుగు కోసం ఒక అంకె నొక్కమంటే నొక్కాను. ఇరవై నిమిషాల సంగీతం తరువాత హిందీలో ఒకాయన పలికారు. నాకు వచ్చిన హిందీలో వివరించగా, సాఫ్ట్‌వేరును తీసివేసి మళ్లీ ఎక్కించుకోమన్నారు. ఎక్కించుకున్నాను. ఆ పనికి ఒక పూట పోయింది, అడుగుల అంకె మాత్రం కదలలేదు. మరునాడు ఫోన్ చేస్తే వేరొకరు తీశారు. నిన్న చెప్పినదంతా తన ముందు లేదని, మొదటి నుంచి చెప్పమని కోరారు. చెప్పాను. అంతా విని, కంప్యూటరులో దేశం పేరు ఇండియా అని పెట్టి ఉన్నందువల్ల అలా జరుగుతుందని, ప్రాంతాన్ని బట్టి మార్పిడి లెక్కలు కొద్దిగా తేడాగా ఉండవచ్చని సెలవిచ్చారు. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లని ఇంగ్లీషు మాట్లాడే దేశాలు 1959లోనే ఒప్పుకున్నాయి. అది గుంటూరులో ఒక పొడవు, మీ కాల్ సెంటరు ఉన్న ఊళ్లో మరొక పొడవు ఉండదని మనవి చేసుకున్నాను. దానికి జవాబుగా ఫోను కట్ అయింది.

మూడోసారి చాట్‌లో కలిసినవారి ప్రశ్న నేను జీవితాంతం మరచిపోలేను. ఇండియాలో మెట్రిక్ పద్ధతే కదా, మీకు అడుగులు ఎందుకు అని వారు అడిగారు. నిజమే, ఈ దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు 1 నుంచే అమలులోకి రావడం మొదలైంది. అందుకే మునిసిపాలిటీకి పెట్టే ప్లాను మీటర్లలోనే ఉండాలి, రోడ్డు వైపు వదిలే ఖాళీ స్థలాన్ని కూడా మీటర్లలోనే చూస్తారు. కానీ తన ఇంటి స్థలం గురించి యజమాని మాట్లాడేటప్పుడు ముప్ఫై అరవై, రెండు వందల గజాలు అంటారే తప్ప 167.23 చదరపు మీటర్లు అనరు. ఇక మా మేస్త్రీలు ఒకే ఊపిరిలో తొమ్మిదంగుళాల గోడ, 12 ఎం.ఎం. ఊచ, 20 ఎం.ఎం. కంకర అని చెప్పగలిగినవారు. వారికి రెండు పద్ధతులతోనూ తగవు లేదు, ఏ వస్తువును ఏ కొలతతో పిలవాలో వారికి తెలుసు. ఒకే కాగితం ఆఫీసులోనూ సైటులోనూ చెల్లాలంటే రెండు అంకెలూ ఉండాలి, రెండూ ఒకే మాట చెప్పాలి. ఇదంతా నేను ఓపికగా టైపు చేస్తుండగానే, మీ నుంచి సమాధానం రానందువల్ల సంభాషణ ముగిస్తున్నాము అని తెర మీద కనిపించింది. వారి దృష్టిలో రెండు నిమిషాలు మౌనంగా ఉన్నది నేనే!

నాలుగోసారి ఒక అమ్మాయి నా కంప్యూటరును దూరం నుంచే తెరిచి, లోపాన్ని కళ్లారా చూసి, అయ్యో సార్, నిజమే అన్నారు. మీ సంస్థలో నాకు దొరికిన ఒకే ఒక న్యాయమైన మాట అది. పై వారికి పంపిస్తాను, రెండు రోజుల్లో ఫోన్ వస్తుందన్నారు. రెండు రోజులకు ఫోన్ రాలేదు, మెయిలు వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినందుకు సంతోషిస్తున్నాము, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అందులో ఉంది. అలా నా ఫిర్యాదు నాలుగోసారి మూతపడింది. పగటిపూట నక్షత్రాలు చూపించిన సంస్థకు వేరే నక్షత్రాలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

మా వీధిలో నాతో సమానంగా ప్లాన్లు గీసే ఆఫీసుల్లో దొంగ కాపీలు నడుస్తున్న రోజుల్లో, 2011లో, నేను అప్పు చేసి మీ అసలు లైసెన్సు కొన్నాను. మీరు ఒకసారి కొనే పద్ధతిని మాన్పించి ఏటా డబ్బు కట్టమన్నప్పుడు కూడా నోరెత్తకుండా కట్టాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ మీ సాఫ్ట్‌వేరే నేర్పించాను. వారిప్పుడు ఎక్కడెక్కడో మీకు చందాదారులుగా ఉన్నారు. దొంగ కాపీ వాడే మా పక్కింటి ఆయనకు ఈ అప్‌డేటే రాలేదు కనుక ఆయన డ్రాయింగుల్లో అడుగులు చక్కగా మారుతున్నాయి. నన్ను చూసినప్పుడల్లా ఆయన నవ్వే నవ్వుకు మీరు ఏ పరిహారం ఇస్తారో ఆలోచించండి.

నాకు కావలసినదేమిటని మీరు అడగవచ్చు. అడిగితే అదే పదివేలు. ఆ అంకెను సరిచేయడం ఎలాగూ మీ ధర్మం, తవ్వకం కూలి సంగతి మీ మనస్సాక్షికి వదిలివేస్తున్నాను. ముందుగా నా ఫిర్యాదును మొదటి నుంచి చివరి వరకు చదివిన ఒక మనిషి నాకు ఫోన్ చేయాలి, తెలుగులో అయితే మరీ మంచిది.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లోగా అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయడంతో ఆగను, జిల్లా వినియోగదారుల కమిషన్ మెట్లు కూడా ఎక్కుతాను. వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని మీ న్యాయవాదులు అనవచ్చు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్నవాడిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడిగానే చూస్తుందని వారికి ముందే తెలియజేయండి. ఇప్పటి వరకు గీసిన డ్రాయింగులన్నిటినీ వేరొక సాఫ్ట్‌వేరులోకి మార్చే పనిని మా కుర్రాడు నిన్న సాయంత్రమే మొదలుపెట్టాడు. వాడిని ఆపమని నేను ఇంకా చెప్పలేదు.

నాలుగు మెయిళ్ల నకళ్లు, మేస్త్రీ చేతి మట్టి అంటిన ఆ డ్రాయింగు జతచేస్తున్నాను. బ్రాకెట్టులోని అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను, వెతుక్కునే శ్రమ మీకు ఉండదు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు