నవమి చందాలో ఈసారి ఆయమ్మల జీతాలకూ ఒక వాటా

గ్రామస్థులకు, ఊరు విడిచి హైదరాబాదులోనూ కువైట్, మస్కట్‌లలోనూ ఉంటున్న మనవాళ్లకు రామాలయ కమిటీ నమస్కరించి చేసుకునే మనవి.

కాలువ గట్టు మీది పిల్లల ఆశ్రమంలో అన్నానికి కొరత లేదు. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ బిర్యానీలు, కేకులు పట్టుకుని మనం వెళ్తూనే ఉన్నాం. కొరతల్లా మనిషికే. ఆ కాస్త జీతానికి రాత్రీ పగలూ చాకిరీ చేయలేక ఆయమ్మలు నిలవడం లేదు.

అక్కడున్నవాళ్లంతా అనాథలు కారు. తల్లి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్తే, తండ్రి తాగుడులో పడితే, అమ్మమ్మకు ఓపిక చాలక వచ్చి చేరినవాళ్లూ ఉన్నారు. ఒక పాప, గేటు ఎవరు తీసినా పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ఎంత కలుపుగోలు పిల్లో అని మురిసిపోతాం. నిజానికి ఫలానా మనిషి నాది అన్న గురి ఆ పిల్లకింకా కుదరలేదు. ఇంకో బాబు ఇడ్లీ ముక్కలు తలగడ గలీబులో దాస్తాడు, దగ్గరకు తీస్తే కొరుకుతాడు. రాత్రిపూట పక్కన గిన్నెలో రెండు బిస్కెట్లు పెట్టి "పొద్దున్నకీ ఉంటాయిరా" అని రోజూ చెప్పిన ఆయమ్మ దగ్గర నెమ్మదించాడు. సంక్రాంతికి ఆవిడా మానేసింది. కథ మళ్లీ మొదటికొచ్చింది.

పసివాళ్ల ఒంటికి పోషకాలెంతో మనసుకి తల్లి ప్రేమ అంత అని జాన్ బౌల్బీ అనే వైద్యుడు 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చాడు. రుమేనియా రాజధాని బుకారెస్ట్ అనాథాశ్రమాల పిల్లల్లో రెండేళ్ల వయసు లోపే పెంపుడు ఇళ్లకు చేరినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా తేరుకున్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఇల్లు దొరికితే అంతకన్నా కావలసిందేముంది? దొరికేదాకా అయినా అదే చెయ్యి అన్నం పెట్టాలి, అదే గొంతు నిద్ర లేపాలి.

అందుకే ఈ నవమికి పందిరి, లైటింగు తగ్గిస్తున్నాం. కల్యాణం, పానకం, వడపప్పు మామూలే. మిగిలిన సొమ్ముకు మీ చందా కలిపి ఇద్దరు ఆయమ్మలకు మూడేళ్లపాటు జీతం, వారానికో సెలవు ఏర్పాటు చేయాలని తీర్మానం. నెలకు 500 ఇచ్చినా, కొబ్బరి దింపుకిన్ని కాయలని చెప్పినా, దాళ్వా ధాన్యం అమ్మాక ఇస్తామన్నా సంతోషమే. హుండీలో మాత్రం వేయకండి, ఆ లెక్క వేరు. గుడి దగ్గర రసీదు తీసుకోండి; జమాఖర్చులు నెలనెలా నోటీసు బోర్డులో పెడతాం.

ఆశ్రమానికి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టొద్దు. వాళ్ల గుర్తింపు బయటపెట్టడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం. మళ్లీ వస్తానని ఊరికే మాటివ్వకండి. వచ్చే ఆదివారమని చెబితే ఆ ఆదివారం వెళ్లండి.

ఇట్లు,
రామాలయ కమిటీ సభ్యులు