పిల్లల కవితలు, కథల పుస్తకం: జమా ఖర్చుల వివరణ

హైదరాబాద్ రామంతాపూర్‌లోని మా కాలనీవాసులకు, చందాలిచ్చిన పెద్దలందరికీ నమస్కారం. చెట్టూ చేమా, ఇంట్లోవాళ్లు, మారిపోతున్న మన బస్తీ గురించి 38 మంది పిల్లలు రాసిన కవితలు, కథలు అచ్చయి మీ చేతికొచ్చాయి. ఇక లెక్క అప్పజెప్పడం మా బాధ్యత.

జమ: ఇంటింటి చందా రూ.43,500. పేరు వేయొద్దన్న ఒక రిటైర్డ్ టీచరుగారు ఇచ్చినవి రూ.10,000. కాపీ రూ.60 చొప్పున 212 అమ్మితే వచ్చినవి రూ.12,720. మొత్తం రూ.66,220. ప్లాట్ల వ్యాపారి ఒకరు వెనక అట్ట మీద ప్రకటన ఇస్తామన్నారు. లోపల పిల్లలు పూడిపోతున్న చెరువుల మీద రాశారు. ఆ డబ్బు వద్దన్నాం.

ఖర్చు: 96 పేజీల డీటీపీ రూ.7,200. 500 కాపీలకు కాగితం, అచ్చు, బైండింగ్ కలిపి రూ.34,000. ఆవిష్కరణ సభకు మైకు, కుర్చీలు, టీ బిస్కెట్లు రూ.4,650. బొమ్మల స్కానింగు, ఆటో చార్జీలు రూ.1,850.

మినీ బస్సు, పిల్లల భోజనాలు రూ.8,300. పుస్తకానికి బస్సెందుకని కొందరు అడిగారు. అడగాల్సిందే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మందికి పైగా ఆ కొమ్మలెక్కి బతికారు. అక్కణ్నుంచి ఉస్మాన్‌సాగర్ చెరువున్న గండిపేట. అలాంటి వరద మళ్లీ ఊరి మీద పడకుండా, విశ్వేశ్వరయ్యగారి సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారని నీళ్లు చూపిస్తూ చెప్పాం. అంతకుముందు "చెట్టు నీడనిస్తుంది, పండ్లనిస్తుంది" అని రాసిచ్చిన ఏడో తరగతి అమ్మాయి, తిరిగొచ్చాక చెట్టు చేతే మాట్లాడించింది: "నన్ను పట్టుకుని వేలాడినోళ్ల మనవళ్లు ఇప్పుడు నా కింద టిఫిన్ బాక్సులు ఇప్పుకుంటున్నరు." బస్సు కిరాయి దండగ కాలేదని మా గట్టి నమ్మకం.

పిల్లల మాట దిద్దొద్దని డీటీపీ చేసినవారికి ముందే చెప్పాం. "వీడియో కాల్ల నాయనమ్మ ముందు వాన చూపియ్యమంటది, తర్వాత నన్ను" అన్న కవిత అలాగే అచ్చయింది.

మొత్తం ఖర్చు రూ.56,000. మిగులు రూ.10,220 వచ్చే ఏడాది పుస్తకం కోసం బ్యాంకులో ఉంచాం. రాసిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మూడేసి చొప్పున 114, గ్రంథాలయాలకు 40 కాపీలు ఉచితంగా ఇచ్చాం. ఇంకా 134 ఉన్నాయి. రసీదులు, బిల్లులు ఆదివారం ఉదయం కమ్యూనిటీ హాల్లో ఎవరైనా చూసుకోవచ్చు.