మృగశిర దాకా ఆగు బావా

యలహంక, బెంగళూరు
ఫిబ్రవరి నెలాఖరు

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన కొత్తింటి ఫోటోలు రాత్రి అమ్మకు చూపించాను. "ఇల్లు కళగా ఉంది, గుమ్మం ఎదురుగా తులసికోటకు చోటు ఉంచుకోమను" అంది. ఉగాది తర్వాత గృహప్రవేశానికి మేం రెండు రోజుల ముందే వచ్చేస్తాం. వంటవాళ్ల సంగతి నేను చూసుకుంటానని చెల్లెమ్మకు చెప్పు.

ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అన్నావు చూడు, గృహప్రవేశం నాటికి ముందు జాగా అంతా పచ్చగా కనపడాలని, వచ్చేవారమే లాన్ పరిపించేస్తున్నానని. ఆ మాట రాత్రంతా నా మనసులో తిరిగింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నా మాట విని ఇప్పుడు వేయించకు. జూన్ దాకా ఆగు.

ఎందుకో చెప్తాను. 2023 డిసెంబర్‌లో నేనూ నీలాగే తొందరపడ్డాను. మా ముందు జాగా 600 చదరపు అడుగులు. గడ్డి వేసే మనిషి మెక్సికన్ గడ్డి చాపలు తెచ్చి ఒక్క రోజులో పరిచేశాడు. సాయంత్రానికి తివాచీలా ఉంది, ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. చలికాలమంతా బాగానే ఉంది. 2024 మార్చి వచ్చేసరికి మా బోరు ఎండిపోయింది. ఊరంతా అదే పరిస్థితి. తాగే నీళ్లు తోటలకు పోస్తే, కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది కూడా ఆ నెలలోనే. ఒకరోజు పొద్దున మిగిలిన సంపు నీళ్లు గడ్డికి పెడుతున్నాను. ఎదురింటివాళ్లు చంటిపిల్లను ఎత్తుకుని ట్యాంకర్ కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో పైపు బరువెక్కిపోయింది బావా. అప్పుడే కట్టేశాను. ఏప్రిల్‌కల్లా మొత్తం ఎండి గడ్డివాములా తయారైంది.

తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. వేసవిలో గడ్డి పచ్చగా నిలబడాలంటే వారానికి అంగుళం, అంటే దాదాపు 25 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు. 600 చదరపు అడుగులంటే సుమారు 56 చదరపు మీటర్లు. వారానికి 1,400 లీటర్లు, నెలకు 6,000 లీటర్లు. ఒక చిన్న ట్యాంకర్ మొత్తం గడ్డికే! అదీ వేరు పట్టిన గడ్డికి. కొత్తగా పరిచినదానికి మొదటి రెండు మూడు వారాలు రోజూ తడి ఉండాలి కాబట్టి ఇంకా ఎక్కువే అవుతుంది. ఇప్పుడు వేస్తే ఆ రోజూ తడపాల్సిన రోజులు సరిగ్గా మార్చిలో పడతాయి.

నువ్వు పదేళ్లు చెన్నైలో ఉండి వస్తున్నావు కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడి క్యాలెండర్ ఇక్కడ పనికిరాదు. చెన్నైకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో మామిడి జల్లులు పడతాయి, జూన్ నుంచి నైరుతి వానలు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో అన్నిటికన్నా ఎక్కువ. జనవరి, ఫిబ్రవరి దాదాపు ఎండే. అందుకే మన పెద్దవాళ్లు పొలానికి చూసుకున్నట్టే లాన్‌కీ మృగశిర కార్తె చూసుకోవాలి. జూన్ 8కి అటూ ఇటూ వస్తుంది. ఆ వారంలో నాటితే పైపు పట్టుకునే పని చాలావరకు ఆకాశమే చేసిపెడుతుంది.

ఈ మూడు నెలలూ ఊరికే పోవు, నేల పని చేయించు. కొత్తింటి చుట్టూ పైన ఎర్రమన్ను కనిపిస్తుంది గానీ, కింద సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, ఇసుక తేలతాయి. మాకు అడుగు లోతు తవ్విస్తే రెండు ట్రాలీల చెత్త వచ్చింది. దాని మీద ఏ గడ్డీ వేరు దించదు. అదంతా తీయించి, ఎర్రమన్నులో బాగా మాగిన పశువుల ఎరువు కలిపించు, కాస్త వేప పిండి వేయించు. గోడ వైపు నుంచి బయటికి నీళ్లు జారేలా కొంచెం వాలు ఉంచాలి. మే జల్లులకు మట్టి కుదురుకుంటుంది, కలుపు కూడా ముందే మొలిచి బయటపడుతుంది. అప్పుడు పీకించేస్తే సగం బాధ తప్పుతుంది.

ఇక ఏ గడ్డి అంటావా? నా మాటైతే గరిక. అదేనయ్యా, వినాయకుడికి దూర్వాయుగ్మం అని పెట్టేది. ప్రపంచమంతా బెర్ముడా గ్రాస్ అంటున్నది దీన్నే. మెక్సికన్ గడ్డి కాలికి మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ నీళ్లు తగ్గితే నాకు నిలవలేదు. గరిక భూమిలోపలా పైనా తీగలు పాకుతుంది. ఎండకు పైన ఎండిపోయినా లోపల బతికే ఉండి, వాన పడగానే లేస్తుంది. చాపలు కొనక్కర్లేదు, తీగలు ముక్కలుగా కోసి నాలుగంగుళాలకొకటి నాటితే రెండు మూడు నెలల్లో కమ్ముకుంటుంది. ఒక్కటే షరతు, ఎండ బాగా తగలాలి. మీ కాంపౌండు పక్కన మామిడిచెట్టు నీడ పడే చోట గడ్డి ఆశ వదులుకో, అక్కడ కుండీలు పెట్టు. ఇంకో మాట, మొత్తం జాగా గడ్డికి ఇవ్వకు. నేను ఇప్పుడు 300 అడుగులే ఉంచాను. మిగతాదాంట్లో మందారం, కరివేపాకు, నందివర్ధనం.

వానాకాలం వచ్చాక అసలు పని. వారానికోసారి కోయాలి. ఒక్కసారిగా నున్నగా కొట్టేయకూడదు, ఉన్న ఎత్తులో మూడోవంతుకు మించి తీయకూడదు. గడ్డి తడిగా ఉన్నప్పుడు మిషన్ పెట్టకు. బ్లేడు మొద్దుబారితే ఆకు తెగదు, చిరుగుతుంది, కొసలు తెల్లబడతాయి. కోసిన తుక్కు సన్నగా ఉంటే అక్కడే వదిలెయ్, ఎరువవుతుంది. నెలన్నరకోసారి యూరియా వేయొచ్చు, కానీ చదరపు మీటరుకు 10 గ్రాములే. 300 అడుగులకు సుమారు 300 గ్రాములు, ఇసుకలో కలిపి చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి. పిడికెడు ఎక్కువ పడిన చోట మాడిపోతుంది. అక్టోబర్ తర్వాత మానెయ్.

తుంగ గురించి జాగ్రత్త. పైన పీకితే సరిపోదు, కింద గడ్డలుంటాయి. చిన్న పారతో గడ్డతో సహా లేపాలి, లేకపోతే పది రోజుల్లో మళ్లీ వస్తుంది. వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే తీయించు, చేతులకు తొడుగులు వేసుకోమను. కొందరికి దద్దుర్లు వస్తాయి.

ఆగస్టు, సెప్టెంబర్‌లలో మాత్రం కళ్లు తెరిచి చూడాలి. మన అనంతపురం వేరుశనగ చేలల్లో నాన్న తిట్టుకునే వేరు పురుగు గుర్తుందా? అదే ఇక్కడా వస్తుంది. తొలకరి తర్వాత పెంకు పురుగులు చీకటిపడ్డాక బయటికొచ్చి, వేపాకు తిని, మట్టిలో గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు వేళ్లు కొరికేస్తాయి. పైన చూస్తే నీళ్లు చాలక పసుపెక్కినట్టే ఉంటుంది, నువ్వు ఇంకా నీళ్లు పోస్తావు. నేను అలాగే రెండు వారాలు పోగొట్టుకున్నాను. గోరింకలు పొద్దున్నే ఒకే చోట ముక్కుతో గీకుతుంటే అనుమానించు. గుప్పెడు గడ్డి పట్టి లాగు. చాపలా ఊడి చేతికొస్తే కింద తెల్లగా, వంకీ తిరిగి, గోధుమరంగు తలతో కనిపిస్తాయి. ఏరి పారేయడమే మొదటి మందు. మెటారైజియం అనే మేలు చేసే శిలీంధ్రం పొడి దొరుకుతుంది, జూన్‌లోనే వర్మీకంపోస్టులో కలిపి చల్లితే చాలావరకు అదుపులో ఉంటుంది.

పెద్ద వానలకు నీళ్లు నిలిచిన చోట ఫోర్కుతో మూడు నాలుగంగుళాల లోతు కన్నాలు పొడిపించు. చలికాలంలో పెరుగుదల మందగిస్తుంది, కంగారుపడకు. నీళ్లెప్పుడు పెట్టినా పొద్దున్నే పెట్టు, రాత్రంతా తడిగా ఉంటే బూజు మచ్చలొస్తాయి.

వేసవిలో కాస్త ఎత్తుగా వదిలెయ్, ఎండితే ఎండనీ. పోయిన ఏప్రిల్‌లో మా గరిక గోధుమరంగుకి తిరిగితే వాషింగ్ మిషన్‌లో చివర జాడించిన నీళ్లు తప్ప ఇంకేం పోయలేదు. మేలో రెండు జల్లులు పడ్డాక అమ్మ పొద్దున్నే పిలిచి చూపించింది, అంతటా పచ్చటి కొసలు.

గృహప్రవేశానికి ముందు జాగా బోసిగా ఉంటుందని చెల్లెమ్మ దిగులుపడితే, నీళ్లు చల్లి పెద్ద ముగ్గు వేయిద్దాం, బంతి కుండీలు మా ఇంటి నుంచి నేనే తెస్తాను. గరిక కూడా కొనకు. జూన్ రెండో ఆదివారం ఖాళీ పెట్టుకో. రెండు గోనెసంచుల తీగలు తడిపి తెస్తాను, ఇద్దరం కూర్చుని నాటేద్దాం.

ముందు ఆ గడ్డి మనిషికి ఫోన్ చేసి ఇప్పుడు వద్దని చెప్పు, అడ్వాన్స్ ఇవ్వొద్దని నీ ఇంట్లోనూ చెప్పు.

నీ బావ